పెద్దవీధి మీదుగా

డాక్టరు వచ్చేసరికి మునియమ్మాళ్ కొడుకు పాదాలకు కొబ్బరినూనె రాస్తోంది. ఐసీయూలో నూనె రాయకూడదని నర్సు అప్పటికే చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆమె సీసాను కొంగులో దాచుకుని, నర్సు పక్క మంచం వైపు వెళ్లగానే మళ్లీ తీసేది. శబరి మడమలు పగిలి ఉన్నాయి. బోరుబావుల దగ్గర బురదలో నిలబడి, లోపలి మోటార్లను గొలుసు కట్టి పైకి లాగి బాగుచేసే పని అతనిది. వాడిపట్టి చుట్టుపక్కల కొబ్బరితోటలున్న వాళ్లందరికీ అతను మోటార్ శబరి. పనికి పోతూ పెద్ద రోడ్డు దాటుతుండగా ఏదో బండి అతని బైకును గుద్ది, ఆగకుండా పోయింది. అప్పటినుంచీ మదురైలోని ఈ ఆసుపత్రిలోనే ఉన్నాడు. తలకు కట్టు తప్ప ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ కనపడదు. నోట్లో గొట్టం. మంచం పక్కన మిషన్ ఊపిరి పోస్తుంటే ఛాతీ లేస్తోంది, పడుతోంది.

డాక్టరు తమిళంలోనే మొదలుపెట్టాడు. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులోకి మారిపోయాడు.

"రెండో టెస్టు కూడా చేశాం. బ్రెయిన్ డెత్ కన్ఫర్మ్. ఐ యామ్ సారీ," అని యువరాణి వైపు చూసి అన్నాడు.

ఆసుపత్రిలో అందరూ యువరాణితోనే మాట్లాడుతున్నారు. ఆమె శబరి చెల్లెలు. రోజూ బస్సెక్కి మదురై వచ్చి బీయే ఇంగ్లీషు చివరి సంవత్సరం చదువుతోంది. డాక్టరు ఆమె జవాబు కోసం ఆగలేదు, పక్క మంచానికి వెళ్లిపోయాడు.

"ఏమంటాడే?" అని తల్లి అడిగింది. బయట పొద్దుగూకులూ తమిళమే అయినా, ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది తెలుగే.

"మూళె పని చేయలేదంటమా," అంది యువరాణి, మెదడును ఇంట్లో అనే మాటతోనే.

"మళ్లా ఎప్పుడు చేస్తాదంట?"

యువరాణి మిషన్ మీద పరుగెత్తే పచ్చగీతను చూస్తూ నిలబడింది. పోయినేడు కాలేజీలో ఒక పాఠం చెప్పారు. చావును చావు అనకుండా ఇంగ్లీషువాళ్లు ఎన్ని మాటలు వాడతారో అన్నీ రాయించారు. దాటిపోయారు, ఇక లేరు, విశ్రాంతిలో ఉన్నారు, పేరు ముందు లేట్. పరీక్షలో ఆ ప్రశ్నే వస్తే యువరాణి నిండుగా రాసింది. ఇప్పుడు విన్న మాటలో దాచేదేమీ లేదు. రెండు చిన్న పదాలు, విడివిడిగా చిన్నపిల్లలకు కూడా తెలిసినవి. రెండూ కలిసి ఎదురుగా ఊపిరి తీస్తున్న మనిషి మీద పడేసరికి వాటి అర్థం ఆమెకే పట్టుబడలేదు.

మధ్యాహ్నం ఇళంగో అనే అతను వచ్చి వాళ్లను ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లాడు. అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడటం అతని ఉద్యోగం. బయట మెట్ల మీద కూర్చున్న తంగవేలును కూడా పిలిపించాడు. తంగవేలు మునియమ్మాళ్ తమ్ముడు, తాపీపని చేస్తాడు. సిమెంటు అంటిన లుంగీతో చల్లటి గదిలోకి రావడానికి సంకోచించి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇళంగో లేచి కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు.

అతను తమిళంలో మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. కోమా వేరు, ఇది వేరు. కోమాలోకి పోయినవాళ్లు తిరిగి రావచ్చు. మెదడు చనిపోయాక తిరిగి రావడమన్నది లేదు. ఊపిరి మిషన్ది, శబరిది కాదు. మిషన్ తీసేస్తే కాసేపటికి గుండె ఆగిపోతుంది.

"గుండె కొట్టుకుంటోంది కదా సార్? నేను చెయ్యి పెట్టి చూశాను," అంది మునియమ్మాళ్ అతనితో, తమిళంలో.

"కొట్టుకుంటుందమ్మా. మిషన్ ఉన్నంతసేపూ కొట్టుకుంటుంది."

ఆమె అతన్ని వదిలి కూతురి వైపు తిరిగింది. "ఈయన సుట్టి సుట్టి చెప్తాడు. నువ్వు మన మాటలో చెప్పు. వానికి ఉసురుండాదా, లేదా?"

ఇంటి తెలుగులో దీనికి యువరాణికి తెలిసిన మాట ఒక్కటే. మేకకైనా అదే, మనిషికైనా అదే, నీరందక ఎండిన మొక్కకైనా అదే. మెత్తని మాట ఒకటి ఎక్కడైనా ఉంటుందేమో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"లేదుమా. అన్న సచ్చిపోయినాడు."

మునియమ్మాళ్ చెయ్యి లేచి కూతురి చెంప మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. నూనె చేతి గుర్తు చెంప మీద మెరిసింది. ఆమె ఆ చెంప వైపే కాసేపు చూసి, కొంగు తీసి నూనె తుడిచింది. తంగవేలు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

ఇళంగో అడగవలసింది అడిగాడు. మూత్రపిండాలు, కాలేయం, గుండె, కళ్లు. ఎవరెవరికో బతుకు వస్తుందన్నాడు. శబరికి పెళ్లి కాలేదు, తండ్రి లేడు కనుక తల్లే ఒప్పుకోవాలన్నాడు.

"నా బిడ్డను కోయొద్దు," అంది మునియమ్మాళ్. లేచి బయటికి వచ్చేసింది.

వరండాలో నర్సు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. డోనర్ ఫ్యామిలీ ఇంకా ఓకే చెప్పలేదనీ, చెబితే రేపు హార్వెస్ట్ ఉంటుందనీ అంటోంది. దాటిపోతున్న మునియమ్మాళ్ ఆగిపోయింది. కోత మిషన్‌ను ఊళ్లో అందరూ హార్వెస్టర్ అనే అంటారు. అది వచ్చాకే ఆమెకు కొడవలి పని తగ్గింది.

"కోత అంటాదా అది?"

"కాదుమా. అది వేరే మాట," అంది యువరాణి. ఆ మాటకు అలాంటి వాడుక ఒకటి ఉందని ఆమెకూ ఆ క్షణం దాకా తెలియదు.

మర్నాడు ఉదయం ఇళంగో వాళ్లు కూర్చున్న బెంచీ దగ్గరికి మళ్లీ వచ్చాడు. బలవంతం లేదన్నాడు. వద్దంటే వద్దనే రాసుకుంటామన్నాడు. అందరికీ చెప్పే సంగతి ఒకటి చెప్పాల్సి ఉందని, దానం చేసినవాళ్లకు సర్కారు మరియాద ఉంటుందని చెప్పాడు. కలెక్టరాఫీసు నుంచి అధికారి వస్తారు, పూలగుత్తి పెడతారు, పోలీసులు వందనం చేస్తారు.

మునియమ్మాళ్ అప్పటిదాకా నేల వైపు చూస్తూ ఉంది. తల ఎత్తింది.

"ఆ ఆఫీసరు ఏ దోవన వస్తారు సార్?"

ఇళంగోకు అర్థం కాలేదు. "మీ ఇంటికే వస్తారమ్మా."

"ఇంటికి కాదు. శ్మశానానికి. అక్కడికీ వస్తారా?"

"వస్తారు."

"కార్లోనేనా?"

"కార్లోనే," అన్నాడు అతను, యువరాణి వైపు అయోమయంగా చూస్తూ.

యువరాణికి అర్థమైంది. తంగవేలుకూ అర్థమై తల దించుకున్నాడు. వాళ్ల కాలనీ ఊరికి తూర్పున ఉంటుంది, శ్మశానం పడమర. మధ్యలో పెద్దవీధి. బడి, రేషన్ షాపు, గుడి, పెద్దిళ్లు అన్నీ ఆ వీధిలోనే. బతికి ఉన్నంతకాలం కాలనీవాళ్లు ఆ వీధిలో నడవచ్చు, పనికి పోవచ్చు. చచ్చాక మాత్రం వెనకగా కాలవ గట్టు మీద పోవాలి. డ్యామ్ నీళ్లు వదిలితే గట్టు మునుగుతుంది. అప్పుడు పాడెను నీళ్లలో మోసుకుపోతారు.

"మీ నాయన్ను ఎత్తుకపోయేటప్పుడు నడుమ కాలవలో పడేసినారు," అంది మునియమ్మాళ్ కూతురితో, గొంతు పెంచకుండా. "ముగమంతా బురద. ఎవురన్నా తుడస్తారేమో అని ఇవతల గట్టు మీద నిలబడి చూస్తా ఉండినా. ఒకరూ తుడవలేదు. కారు కాలవలో పోలేదు గదా? ఒప్పుకొంటానని చెప్పు ఆయనకు."

"అమా, దీనికోసరమా?"

"ఎవురెవురో బతుకుతారంట, బతకనీ. నా బిడ్డ రోడ్డు మీద పోనీ."

అమ్మ ఏమన్నారని ఇళంగో అడిగాడు.

"ఒప్పుకున్నారు," అంది యువరాణి. మిగతాది అతనికి తమిళంలో చెప్పవచ్చు. చెప్పలేదు.

ఆపరేషన్ గదికి తీసుకెళ్లేటప్పుడు వరండాకు రెండు పక్కలా డాక్టర్లూ నర్సులూ ఊడ్చేవాళ్లూ చేతులు జోడించి నిలబడ్డారు. మంచం పక్కన చిన్న మిషన్ పెట్టుకుని తోసుకుపోయారు. శబరి ఛాతీ లేస్తూ పడుతూనే ఉంది. మునియమ్మాళ్ అతని పాదం పట్టుకుని తలుపు దాకా నడిచింది. తలుపు మూసుకున్నాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే గాల్లో ఉంచింది.

సాయంత్రం పోస్టుమార్టం కూడా అయింది. తంగవేలు ఎవరినో అడిగి వచ్చి, "బాడీ ఇంక కొంచెం సేపులో ఇస్తారంట అక్కా," అన్నాడు.

"బాడీ అంటే ఏమి?" అని మునియమ్మాళ్ యువరాణిని అడిగింది.

"ఒళ్లు."

"నిన్నదంకా పేషంట్ అనిరి. నువ్వుకూడా బాడీ అంటావా తంగవేలూ? శబరి అని చెప్పరాదా?"

తంగవేలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు కాలనీలోకి రెండు సర్కారు కార్లు, పోలీసు జీపు, పూలు కట్టిన అంబులెన్స్ వచ్చాయి. వీధి చివర ఉండే పేచ్చియమ్మాళ్ అనే ముసలామె పొద్దున్నించీ మునియమ్మాళ్ పక్కనే కూర్చుని ఉంది. మునియమ్మాళ్‌కు ఇద్దరు పిల్లల కాన్పులూ చేసిన మనిషి ఆమె. అధికారి చెప్పులు విప్పి పూలగుత్తి పెట్టాడు. పోలీసులు తుపాకులు దించి వందనం చేశారు. ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా అదేమిటో తెలియక ఒక్క నిమిషం ఆగిపోయారు.

రాజగోపాలన్ వచ్చాడు. ఊళ్లో పెద్ద తోట ఆయనదే. ఆయన ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు, కాలనీవాళ్లతోనూ తెలుగులోనే మాట్లాడతాడు. ఆయన కాలనీలోకి రావడం యువరాణి పుట్టాక చూడలేదు. శబరి ఛాతీ మీద గులాబీదండ వేసి పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు.

"పోయిన నెల అర్ధరాత్రి పిలిచినా వచ్చి మోటారు ఎత్తినాడు," అన్నాడు. "మునియమ్మా, ఊరికంతా పేరు తెచ్చినాడు నీ కొడుకు."

ఆమె చేతులు జోడించింది.

ఆడవాళ్లు శ్మశానానికి పోరు. కాలనీ వీధి రోడ్డులో కలిసే చోట ఆగిపోయారు. మునియమ్మాళ్ కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి, ముందు పోతున్న అంబులెన్స్ ఆమెకు సరిగా కనపడటం లేదు.

"తిరిగిందా?" అని అడిగింది.

"తిరిగిందిమా. పెద్దవీధిలోకే తిరిగింది. రేషన్ షాపు దాటింది. బడిపిల్లలు వరసగా నిలబడి ఉండారు."

"గుడి?"

"గుడికూడా దాటింది."

మునియమ్మాళ్ రోడ్డు పక్క మట్టిలో కూలబడి, అంతవరకూ ఏడవనంతగా ఏడ్చింది. పేచ్చియమ్మాళ్ కర్ర పక్కన పెట్టి ఆమె వీపు నిమిరింది. "ఏడవొద్దే. నీ కొడుకు మనకంతా దోవ వేసిపోయినాడు. ఇంక నేనుకూడా కాలు తడవకుండా పోతాను పో," అంది.

ఆ మాట ఆ సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. శబరి దోవ తెరిచాడని కొళాయి దగ్గర చెప్పుకున్నారు. వేరే ఊళ్లనుంచి పలకరించడానికి వచ్చినవాళ్లకు చెప్పారు. మునియమ్మాళ్ అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినగలిగింది. కూతురు జుట్టుకు నూనె రాసి దువ్వింది. సమాధి దగ్గర పాలు పోసిన రోజు మాత్రం, "ఆ గుండె తీసుకున్నవాళ్లు ఏ ఊరో చెప్పరా?" అని అడిగింది. చెప్పరని యువరాణి అంది.

పాలు పోసిన మర్నాడే పేచ్చియమ్మాళ్ పోయింది. తెల్లారి కోడలు కాఫీ తీసుకుపోయి పిలిస్తే లేవలేదు. జబ్బు లేదు, బాధ లేదు.

మధ్యాహ్నానికి తంగవేలూ మరికొందరూ పాడె కట్టారు. ఏ దోవన అని ఎవరూ మాట్లాడుకోలేదు. ముందు కొమ్ము భుజానికెత్తుకున్న తంగవేలు వీధి చివరికి రాగానే కుడివైపు, పెద్దవీధిలోకి తిరిగాడు. వెనకవాళ్లూ తిరిగారు. ఆడవాళ్లు మూల దగ్గర ఆగి చూస్తున్నారు.

రేషన్ షాపు దగ్గర రాజగోపాలన్ రోడ్డు మధ్యకు వచ్చాడు. ఆయన వెనక పదిమంది దాకా ఉన్నారు. ఎవరి చేతిలోనూ కర్ర లేదు.

"తంగవేలూ, ఎక్కడికి?"

"సుడుకాటికి అయ్యా."

"మీ దోవ అటుగదా."

"మొన్న శబరి ఇట్లేగదా అయ్యా పోయె."

"శబరిది వేరే. అది సర్కారు మరియాద. కలెక్టరాఫీసు నుంచి వస్తే ఆపేదానికి నేనెవురిని? ఇది నేచురల్ డెత్. వయసైన మనిషి, కాలం తీరి పోయె. దీనికుండే దోవ దీనికుండాది." ఆయన గొంతులో కోపం లేదు. పొలం గట్టు ఎక్కడిదాకా వస్తుందో చెబుతున్నట్టు చెప్పాడు.

యువరాణి మూల దగ్గర్నుంచి పరుగెత్తి వచ్చింది. పాడె మీద పేచ్చియమ్మాళ్ ముఖాన ఎండ పడుతోంది.

"అయ్యా, నేచురల్ డెత్ అంటే దానంతట అది వచ్చే సావు. అంతే. అందులో దోవ సంగతి యాడుండాది?"

"చదువుకున్న పిల్లవు. నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు రాజగోపాలన్. "ఊరు ఊరుగా ఉండనీ పాపా."

బైకు మీద వచ్చిన కానిస్టేబులు ఒక కాలు కింద పెట్టి, ఇంజన్ ఆపకుండానే, పెద్దాయన చెబుతున్నాడు కదా, ఎప్పుడూ పోయే దారిన పొండి, గొడవ పెట్టుకోవద్దని తమిళంలో అన్నాడు. మొన్న వందనం చేసిన వాళ్లలో అతనూ ఉన్నాడు. యువరాణి గుర్తుపట్టింది. అతను ఆమెను గుర్తుపట్టినా, పట్టనట్టే అటు తిరిగాడు.

ఆమె పక్కకు వెళ్లి ఇళంగోకు ఫోన్ చేసింది. ఏ సాయం కావాలన్నా అడగమని చెప్పి వెళ్లిన మనిషి అతనొక్కడే. జరుగుతున్నది గబగబా చెప్పింది. అవతల ఆసుపత్రి చప్పుళ్లు వినిపించాయి.

"అయ్యో," అన్నాడు ఇళంగో. "ఆమె డోనరా?" అని అడిగాడు.

"కాదు సార్. ముసలామె. నిద్రలో పోయారు."

"అయితే నేనేం చేయగలనమ్మా?" అన్నాడు. ఆ గొంతులో బాధ నిజమైనదే. "కలెక్టరాఫీసులో ఒక అర్జీ ఇచ్చి చూడండి."

ఫోన్ పెట్టేసి చూసేసరికి మునియమ్మాళ్ వచ్చి రాజగోపాలన్ ఎదురుగా నిలబడి ఉంది.

"అయ్యా, మొన్న మీరేగదా అంటిరి. నా కొడుకు ఊరికి పేరు తెచ్చినాడని."

"అంటిని. ఇప్పుడూ అంటాను. ఎప్పుడూ అంటాను."

ఆమె ఇంకేదో అడగబోయింది. ఆయన భుజం మీదుగా పెద్దవీధిని చివరిదాకా చూసింది. సిమెంటు రోడ్డు, రెండు పక్కలా ముగ్గులు, ఒక అరుగు మీద ఎండబెట్టిన మిరపకాయలు. కొడుకు వెళ్లాక ఆ దారిని ఆమె అంత దగ్గరగా నిలబడి చూడటం అదే మొదలు. పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. కుర్రకారులో ఒకడు పళ్లు కొరుకుతూ ఏదో అన్నాడు. రాజగోపాలన్ వెనకవాళ్లలో కదలిక వచ్చింది.

"తిప్పు తంగవేలూ," అంది మునియమ్మాళ్.

"అక్కా!"

"తిప్పండప్పా. అవ్వ ఎండలో ఉండాది."

పాడె తిరిగింది. రాజగోపాలన్ పైపంచె భుజం మీదినుంచి తీసి, పోతున్న పాడెకు చేతులు జోడించాడు.

వారం కిందటే డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. కాలవ గట్టు మొదట్లో కొంచెం కనిపించి తర్వాత నీళ్లలో కలిసిపోయింది. పక్కన నాట్లు వేసిన పొలాలు. వాటిల్లోకి దిగితే నారు తొక్కారని ఇంకో గొడవ. మోసేవాళ్లు లుంగీలు ఎగగట్టి నీళ్లలోకి దిగారు. ఆడవాళ్లు ఇవతల గట్టు మీద ఆగిపోయారు.

కొంతదూరం పోయాక వెనక కొమ్ము మోస్తున్న మనిషి జారాడు. పాడె ఒక పక్కకు ఒరిగింది. పేచ్చియమ్మాళ్ తల దండతో సహా పక్కకు వాలింది. గట్టు మీద ఆడవాళ్లు ఒక్కసారి కేక పెట్టారు. మునియమ్మాళ్ కళ్లు మూసుకుంది.

తాను ఎప్పుడు నీళ్లలోకి దిగిందో యువరాణికి తెలియలేదు. చుడీదారు ప్యాంటు కాళ్లకు చుట్టుకుంది. జారిన మనిషి లేచేలోపే ఆమె వెదురు కొమ్ము కింద భుజం పెట్టింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. రెండో చేత్తో ముసలామె తలను సరిచేసి, చెంప మీద చిందిన బురదను చున్నీతో తుడిచింది. ఆడపిల్లవు, నువ్వెందుకు వచ్చావని ఎవరూ అనలేదు. జారిన మనిషి చెయ్యి బెణికినట్టుంది, పట్టుకుని పక్కన నడుస్తున్నాడు.

పాడె మళ్లీ కదిలింది. నీళ్లు మట్టిరంగుగా ఉన్నాయి, కింద కాలు ఎక్కడ పడుతుందో కనపడదు. ముందున్న తంగవేలు పాదంతో తడిమి, లోతు ఎంతో చెబుతూ అడుగు వేస్తున్నాడు.

"మోకాలు," అని అరిచాడు.

"మోకాలు," అని యువరాణి వెనక వచ్చేవాళ్లకు చెప్పింది.

"మోకాలే. మెల్లగా రాండి. తొడ."

"తొడ."

"ఎడమ పక్క గుంత ఉండాది. నడుము."

"ఎడమ పక్క గుంత," అంది యువరాణి, వెదురును రెండు చేతులా పట్టుకుని. "నడుము."